పాతికమందితో మద్రాసు జార్జ్‌టౌన్ హెరిటేజ్ వాక్: గైడుని పెట్టుకోవాలా, మనమే నడిపించుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కావలి నుంచి 24 మంది. వాళ్ళలో ఏడెనిమిది మంది అరవై దాటినవాళ్ళు, మిగతావాళ్ళు ఉద్యోగులూ డిగ్రీ పిల్లలూ. చెన్నై వెళ్ళి జార్జ్‌టౌన్ పాత వీధుల్లో నడుస్తూ, అక్కడ మనవాళ్ళ ఆనవాళ్ళు చూడాలి. గైడుని మాట్లాడుకోవాలా, లేక మీరే మాస్టారు కాబట్టి మీరే చెప్పుకుంటూ పోవచ్చా? ఎంత దూరం, ఎన్ని గంటలు, ఎక్కడెక్కడ ఆగాలి?

మీరే నడిపించుకోవచ్చు మాస్టారూ. దానికి మూడు షరతులు. 24 మందిని ఒకే గుంపుగా తీసుకెళ్ళకూడదు, పన్నెండేసి మంది చొప్పున రెండు జట్లు చేయాలి. దారి రెండున్నర కిలోమీటర్లు, ఆగే చోట్లు ఏడు, టిఫినుతో కలిపి మూడున్నర గంటలు, అంతకు మించకూడదు. మూడోది, సరిగ్గా వారం ముందు అదే టైముకి ఒకరిద్దరు వెళ్ళి ఆ దారంతా నడిచి రావాలి. ఈ మూడోది కుదరదనుకుంటే మాత్రం గైడుని పెట్టుకోండి. పుస్తకాలు ఎన్ని చదివినా, ఏ గేటు ఎప్పుడు తీస్తారో, ఏ వీధి తవ్వి పెట్టారో వాటిలో ఉండదు.

ఇంత తక్కువ దూరానికి మూడున్నర గంటలా అని మీవాళ్ళు అడుగుతారు. ఈ నడకల్లో మనిషి అలిసేది నడిచి కాదు, నిలబడి. రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచే పెద్దాయన కూడా ఒకేచోట పావుగంట నిలబెడితే నడుం పట్టుకుంటాడు. ఒక చోట ఎనిమిది నిమిషాలు దాటితే వెనక వరస వాళ్ళు ఫోన్లు తీస్తారు, పది దాటితే నీడ కోసం చెదిరిపోతారు. అందుకే ఎంత దూరం అని కాకుండా, ఎన్ని చోట్ల ఆగుతాం, ఒక్కో చోట ఎన్ని నిమిషాలు అని లెక్క వేసుకోవాలి. ఏడు చోట్లు, ఒక్కోటి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలంటే మాటలకే యాభై నిమిషాలు పోయాయి. ఆ ఇరుకు వీధుల్లో పన్నెండు మంది వంద మీటర్లు కదలడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. రెండు గుళ్ళలోకి వెళ్తే చెప్పులు విప్పి మళ్ళీ వేసుకునేసరికే ఒక్కోచోట పది నిమిషాలు. మొత్తం కూడితే మూడున్నర గంటలు సరిగ్గా సరిపోతాయి.

ఏ రోజు, ఏ టైము. ఆదివారం పొద్దున 6:45కి మొదటి జట్టు కదలాలి, 7:05కి రెండోది. మామూలు రోజుల్లో పది దాటితే జార్జ్‌టౌన్‌లో టోకు కొట్లు తెరుస్తారు. తోపుడు బండ్లు, మూడు చక్రాల బండ్లు, హమాలీలు, లారీ దించుళ్ళు మొదలయ్యాక పన్నెండు మంది ఒక పక్కగా నిలబడే చోటు దొరకదు. దొరికినా ఏదో కొట్టు ముందే దొరుకుతుంది, బోణీ కాకముందు వాకిట్లో గుంపు నిలబడితే ఏ వ్యాపారీ ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడం న్యాయమే. ఆదివారం షట్టర్లు మూసి ఉంటాయి, అరుగుల మీద పెద్దవాళ్ళు కూర్చోవచ్చు, తల పైకెత్తి మేడలు చూడొచ్చు. దీనికి నష్టం కూడా ఉంది. ఆ పేటకి ప్రాణం వ్యాపారమే. అండర్సన్ వీధి కాగితాల కొట్లు, గోడౌన్ వీధి బట్టల బేళ్ళు కళ్ళారా చూడాలనుకుంటే మామూలు రోజే వెళ్ళాలి. అలాగైతే జట్టుకి ఎనిమిది మందికి మించకూడదు. మీ గుంపుకి ఆదివారమే మేలు. మంగళవారం మాత్రం అసలు వద్దు, అర్మేనియన్ వీధిలో సెయింట్ ఆంటోనీ దగ్గరికి వచ్చే జనంతో కాలు పెట్టే సందుండదు.

నెలల విషయానికొస్తే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. అక్టోబరు, నవంబరులో ఈశాన్య ఋతుపవనాల వానకి ఆ వీధుల్లో నీళ్ళు నిలుస్తాయి, కాలువ ఎక్కడో రోడ్డు ఎక్కడో తెలీదు. మార్చి నుంచి జూన్ దాకా తొమ్మిదింటికల్లా ముగించేయాలి, అంటే సగం దారికే తృప్తి పడాలి. ఆగస్టులో ఇంకో వీలుంది. 1639 ఆగస్టు 22ని మద్రాసు పుట్టినరోజుగా లెక్కగట్టి ఆ వారమంతా ఊళ్ళో ఎన్నో నడకలు, ఉపన్యాసాలు పెడతారు, చాలావరకు ఉచితమే. ఇద్దరు ముగ్గురు వెళ్ళేవాళ్ళకి అవి బంగారం. 24 మందిని తీసుకెళ్ళి వాటిలో కలిపేస్తే నిర్వాహకులు బెంబేలెత్తిపోతారు.

ప్రయాణం. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పినాకిని ఎక్కుదామనుకుంటారు. అది మధ్యాహ్నానికి గానీ సెంట్రల్ చేరదు, అప్పటికి గుళ్ళు మూసేసి ఉంటాయి, ఎండ నెత్తి మీద ఉంటుంది. లేదంటే అర్ధరాత్రి రెండింటికి మినీ బస్సులో బయల్దేరి ఆరున్నరకి దిగుతామంటారు. దిగొచ్చు, కానీ నిద్రలేని గుంపు రెండో చోటికే ఆవలింతలు మొదలుపెడుతుంది. శనివారం సాయంత్రానికే చేరి, సెంట్రల్ చుట్టుపక్కల పడుకుని, ఆదివారం పొద్దున సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషను దాటి హైకోర్టు దగ్గర దిగడం అన్నిటికన్నా సులువు. ఆదివారం మొదటి మెట్రో ఎన్నింటికో ముందురోజే చూసుకోండి. తిరుగు ప్రయాణానికి మాత్రం పినాకిని పనికొస్తుంది, మధ్యాహ్నం రెండు దాటాక బయల్దేరుతుంది. సొంత బస్సే అయితే దాన్ని జార్జ్‌టౌన్ లోపలికి తీసుకెళ్ళకండి. రాజాజీ సాలై వైపు దించేసి పొమ్మనండి, మళ్ళీ ఎక్కడ ఎక్కాలో డ్రైవరుకి ముందే చూపించండి.

మెట్రో స్టేషనులో అందరూ బాత్రూముకి వెళ్ళొచ్చాకే పైకి రావాలి. ఆ తర్వాత టిఫిను హోటలు దాకా మళ్ళీ వసతి దొరకదు. పెద్దవాళ్ళున్న జట్టులో నడక మధ్యలో ఆగిపోయే కారణాల్లో మొదటిది ఇదే. ఎవరూ నోరు తెరిచి చెప్పరు, నెమ్మదిగా వెనకబడతారు.

ఇక దారి. మీ జిల్లావాళ్ళకి నేను చెప్పే దారికి ఒకే దారం: ఈ పేటలో మనవాళ్ళేం చేశారు? జార్జ్‌టౌన్ చరిత్ర మొత్తం చెప్పబోతే సముద్రమంత ఉంది, ఏడు చోట్లకి ఏడు కథలైతే ఇంటికెళ్ళాక ఒక్కటీ గుర్తుండదు.

మొదటి చోటు ప్యారీస్ కార్నర్. అక్కడ నిలబడి ముందు దుగరాజపట్నం పేరు ఎత్తండి. మన పాత నెల్లూరు జిల్లా తీరంలోని ఆ ఊళ్ళోనే, ఆర్మగాం అనే పేరుతో, 1626లో ఇంగ్లీషువాళ్ళు వర్తక కేంద్రం పెట్టుకున్నారు. అక్కడి అధికారి, ఫ్రాన్సిస్ డే అనే అతనే, దక్షిణంగా ఇంకో చోటు వెతుక్కుంటూ వచ్చి 1639లో ఇక్కడి పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఈ ఇసుక తీరానికి పట్టా పుచ్చుకున్నాడు. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం అయిందని అంటారు. ఆ బేరంలో దుబాసీగా, అంటే ఇరువైపుల మాటా తర్జుమా చేసే మనిషిగా ఉన్న బేరి తిమ్మప్ప కూడా తెలుగువాడే. ఇదంతా రెండు నిమిషాల్లో చెప్పేసి, అదే మూల మీద 1928 ఫిబ్రవరి 3కి రండి. సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా హర్తాళ్ జరిగిన రోజు అది. కాల్పుల తర్వాత టంగుటూరి ప్రకాశం పోలీసు తుపాకులకి రొమ్ము చూపింది ఈ చుట్టుపక్కలే. ఒంగోలు పక్క వినోదరాయునిపాలెంలో పుట్టిన మనిషి ఇక్కడ నిలబడ్డాడంటే డిగ్రీ పిల్లలు ఫోను జేబులో పెట్టేస్తారు. ఇంకో నిమిషం మిగిలితే ప్యారీ కంపెనీ కట్టడం డేర్ హౌస్ దగ్గరున్న రాతి స్తంభం చూపించండి. దాని మీద 1773 అని ఉంటుంది. సెయింట్ జార్జ్ కోట చుట్టూ ఖాళీగా ఉంచిన ఎస్ప్లనేడ్ మైదానం హద్దులుగా పాతిన ఆరింటిలో మిగిలింది అదొక్కటే.

రెండోది హైకోర్టు ప్రహరీ, తూర్పు వైపు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మను ఓడ ఎండెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించిన గుర్తుగా అక్కడ ఫలకం ఉంది. ఫలకం దగ్గర ఒక్క నిమిషం చాలు. అసలు చెప్పాల్సింది కోర్టు ఉన్న నేల గురించి. మొదటి ఊరు, అంటే ఇంగ్లీషువాళ్ళు బ్లాక్‌టౌన్ అన్న పాత నల్లవారి పేట, ఇక్కడే ఉండేది. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసు పట్టుకుని మూడేళ్ళ తర్వాత వదిలిపోయాక, కోట చుట్టూ శత్రువు దాక్కోడానికి చాటు ఉండకూడదని ఇంగ్లీషువాళ్ళు ఆ ఊరిని కూల్చి మైదానం చేశారు. జనం ఉత్తరానికి జరిగారు. ఆ కొత్త పేటకే తర్వాత జార్జి చక్రవర్తి పేరు పెట్టారు. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతా దారంతా దానంతటదే అర్థమవుతుంది, కాబట్టి ఇక్కడ ఎనిమిది నిమిషాలూ వాడుకోండి. 1892లో కట్టిన కోర్టు భవనాన్ని బయట నుంచే చూడండి. లోపలికి తీసుకెళ్తామని ఎవరికీ మాటివ్వకండి.

అక్కడి నుంచి తంబుచెట్టి వీధిలో కాళికాంబాళ్ గుడి. శివాజీ 1677లో ఇక్కడ అమ్మవారిని దర్శించుకున్నాడని గుడివాళ్ళు చెబుతారు. ఇలాంటిచోట 'అంటారు' అనే మాట వదలకండి. పక్కన నిలబడ్డ కొత్తవాడు రేపు దాన్నే శాసనంలా చెప్పుకుంటాడు. చెప్పులు విప్పే మొదటి చోటు ఇదే. లోపల మాటలు వద్దు, ఫోటోలు వద్దు. చెప్పాల్సిందంతా బయటే చెప్పేసి పది నిమిషాలు దర్శనానికి వదిలేయండి.

తర్వాత టిఫిను, ఎనిమిదింటికి. రెండో జట్టు ఇరవై నిమిషాలు వెనకగా వస్తుంది కాబట్టి హోటలు మీద ఒక్కసారిగా పడరు. ముందురోజు వెళ్ళి ఇడ్లీ, పొంగలి, కాఫీ ఇన్నిన్ని అని చెప్పి, బిల్లు ఒక్కరే కట్టేలా మాట్లాడుకోండి. ఎవరికి కావలసింది వాళ్ళు చెప్పుకోండి అన్నారంటే ఒకరికి నెయ్యి రోస్టు, ఇంకొకరికి పూరీ, నెల్లూరు కారం దోసె దొరకదా అని మూడో ఆయన. యాభై నిమిషాలు అక్కడే పోతాయి. అరగంట కన్నా ఇవ్వకండి.

తొమ్మిదింటికి అర్మేనియన్ వీధి. ఆ వీధిలో మేరీమాత పేరుతో రెండు చర్చిలున్నాయి. పెద్దదీ జనంతో ఉండేదీ కాథలిక్కులది, ఆదివారం ప్రార్థనలు జరుగుతుంటాయి. గుంపుని అందులోకి తోలేసి ఇదే అర్మేనియన్ చర్చి అని చెప్పేవాళ్ళు చాలామంది. అర్మేనియన్లది పక్కన ప్రశాంతంగా ఉండే తెల్లటి కట్టడం, 1772 నాటిది. గంటల గోపురం విడిగా ఉంటుంది, అందులో ఆరు గంటలు. ఆవరణలో కాళ్ళ కింద పరిచినట్టు సమాధి రాళ్ళుంటాయి. వాటిలో ఒకటి 1794లో ఈ ఊళ్ళోనే ప్రపంచంలో మొట్టమొదటి అర్మేనియన్ పత్రిక అచ్చువేసిన మతాచార్యుడిది. కనిగిరి నుంచో కందుకూరు నుంచో వచ్చి ఇక్కడ కొట్టు పెట్టుకున్న కోమట్ల పక్కనే, అంత దూరం నుంచి వచ్చిన వర్తకులూ ఉండేవారని చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. గేటు తీసే టైము మారుతుంటుంది, వారం ముందు వెళ్ళినప్పుడు కాపలా మనిషిని అడిగి పెట్టుకోండి. చెట్ల నీడ, కూర్చోడానికి మెట్లు, రొద లేకపోవడం, ఈ మూడూ ఒకేచోట దొరికేది దారి మొత్తం మీద ఇక్కడే. పెద్దవాళ్ళని పావుగంట కూర్చోనివ్వండి.

ఐదో చోటు బ్రాడ్వే దాటడం. దాటడమే ఒక చోటు. స్టీఫెన్ పోఫమ్ అనే ఇంగ్లీషు లాయరు పద్దెనిమిదో శతాబ్దం చివర ఇక్కడి పల్లపు నేల పూడ్చి ఈ రోడ్డు వేశాడు. దీనికి తూర్పున ముత్యాలపేట, పడమట పెద్దనాయకన్ పేట. పెద్ద నాయకుడంటే నల్లవారి పేటకి వంశపారంపర్యంగా కావలి కాసినవాడు. కావలి నుంచి వచ్చినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అనే రెండు వర్గాల తగాదాలు 1707లో వీధికెక్కితే, గవర్నరు థామస్ పిట్ ఒక పక్షాన్ని ఈ పేటకీ ఇంకో పక్షాన్ని ఆ పేటకీ సర్దాడు. ఇప్పుడు ఈ రోడ్డు పేరు ప్రకాశం సాలై. బోర్డు తమిళంలో ఉంటుంది, చదివించండి, మొదట విన్న ప్రకాశం కథ ఇక్కడ అతుక్కుంటుంది. ఫోటో దిగాలని అందరికీ ఉంటుంది, రోడ్డు మధ్యలో మాత్రం వద్దు. సిగ్నలు దగ్గరే దాటండి, దాటకముందు ఒకసారి, దాటాక ఒకసారి తలలు లెక్కపెట్టండి.

ఆరోది దేవరాజ ముదలి వీధిలో చెన్నకేశవ, చెన్నమల్లికేశ్వర జంట గుళ్ళు. హైకోర్టు ఉన్న నేల మీద ఒకప్పుడున్న పట్నం గుడిని కూల్చాక, బదులుగా ఇక్కడ కట్టినవి ఇవి. రెండో చోట చెప్పిన కథకి కళ్ళెదుట కనబడే రుజువు. చెన్నపట్నం పేరు చెన్నప్ప నుంచి వచ్చిందా, చెన్నకేశవుడి నుంచి వచ్చిందా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. రెండూ చెప్పండి, తీర్పు చెప్పకండి.

ఏడోది కొత్వాల్ చావడి, కన్యకాపరమేశ్వరి గుడి చుట్టుపక్కల. 1996లో కోయంబేడుకి మారేదాకా మద్రాసు కూరగాయల టోకు వ్యాపారమంతా ఇక్కడే. అక్కడికి దగ్గర్లోనే అణ్ణాపిళ్ళై వీధి. 1901 మార్చి 16న పొట్టి శ్రీరాములు పుట్టింది ఆ వీధిలో. పెద్దలది కనిగిరి దగ్గర పడమటిపల్లి. ఆయన పేరు మన జిల్లాకి 2008లో పెట్టారని పిల్లలకి తెలుసు, పుట్టింది ఇక్కడని తెలియదు. ఇంటి నంబరు 165 అని రాసి ఉంటుంది పుస్తకాల్లో. ఆ నంబరు పట్టుకుని ఇల్లు వెతకకండి. చెన్నైలో తలుపుల మీద పాత నంబరు, కొత్త నంబరు అని రెండేసి ఉంటాయి. 1901 నాటి లెక్క దేనితోనూ కలవదు. పన్నెండు మంది ఎవరి గడప ముందో నిలబడి ఇదే ఆ ఇల్లని ఫోటోలు తీస్తుంటే ఆ ఇంటివాళ్ళకి ఎలా ఉంటుంది? వీధి మొదట్లో నిలబడి చెప్పండి, చాలు.

ఆయన నిరాహారదీక్ష చేసిన ఇల్లు ఇక్కడ కాదు, మైలాపూరు వైపు రాయపేట హైరోడ్డులో. బులుసు సాంబమూర్తి గారిల్లు, నంబరు 126. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి అక్కడే కన్నుమూశారు. ఇప్పుడది స్మారక భవనం. దాన్ని ఈ నడకలో ఇరికించకండి. ఓపిక ఉన్నవాళ్ళు మధ్యాహ్నం ఆటోలో వెళ్ళి రావచ్చు. వాళ్ళని రాత్రి బండికి రమ్మనండి. ఇంకోమాట: ఈ కథ చెబుతున్నప్పుడు 'మద్రాసు మనదే' చర్చ జట్టులోంచి తప్పక లేస్తుంది. వినేవాళ్ళకి తెలుగు బాగానే తెలుస్తుంది ఆ వీధుల్లో. దాన్ని రైల్లో పెట్టుకోండి.

చెప్పే పద్ధతి గురించి కొంచెం. మీరు మాస్టారు కాబట్టి గొంతు ఉంటుంది, కానీ తరగతి గదికి గోడలుంటాయి, వీధికి ఉండవు. పన్నెండు మందికి మైకు అక్కర్లేదు. మీరు గోడకి వీపు ఆనించి నిలబడాలి, అప్పుడు మాట ముందుకే పోతుంది. ఎండ మీ కళ్ళలో పడాలి, వాళ్ళ కళ్ళలో కాదు. చివరి మనిషి వచ్చి నిలబడేదాకా నోరు తెరవకండి. ముందొచ్చిన ముగ్గురికి మొదలుపెట్టి, వెనకొచ్చినవాళ్ళకి మళ్ళీ చెప్పడం వల్లే ఎనిమిది నిమిషాలు పన్నెండవుతాయి. ప్రతి చోటా మొదటి వాక్యం కంటికి కనబడేదాని మీద ఉండాలి: ఆ రాయి చూడండి, ఆ గంటలు చూడండి. ఏళ్ళు ఒకటి రెండు మించొద్దు. కదిలేముందు వచ్చే రెండు వందల మీటర్లలో ఏం చూడాలో చెప్పండి, మేడ మీది చెక్క కటకటాలో, గోడలోంచి మొలిచిన రావి మొక్కో. అప్పుడు నడక కూడా చూడడమే అవుతుంది, కబుర్లలో పడి ఎవరూ వెనకబడరు. ప్రశ్నలు నిలబడి తీసుకోకండి, నడుస్తూ తీసుకోండి.

పాత పటాలు, పాత ఫోటోలు ఐదారు పట్టుకెళ్ళండి, A4 సైజులో. లామినేషన్ చేయించకండి. పొద్దుటి ఎండ దాని మీద పడి తళుక్కుమంటుంది, ఎవరికీ ఏమీ కనబడదు. మందపాటి మ్యాట్ కాగితం మీద ప్రింటు తీయించి అట్టకి అంటించుకుంటే చాలు. ఫోనులో చూపిస్తాననుకోకండి, ముగ్గురికి మించి కనబడదు.

జట్టుకి వెనక మనిషి తప్పనిసరి. చరిత్ర ఏమీ తెలియక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. పేర్ల జాబితా, అందరి ఫోను నంబర్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, బ్యాండేజీలు, రెండు లీటర్ల నీళ్ళు ఆ మనిషి దగ్గర ఉండాలి. తన వెనక ఎవరూ ఉండకూడదు, అంతే పని. జాబితాలో మిగతా అందరూ తలా ఒక లీటరు నీళ్ళు సొంతంగా తెచ్చుకోవాలి. చెప్పులు సులువుగా విప్పేవి, కానీ అడుగు అరిగినవి కాదు. ఆ వీధుల్లో పేడ, తడి, అరటి తొక్కలు ఉంటాయి.

మరి గైడు? పెట్టుకునేటట్టయితే ఒక చిక్కు ముందే చెప్పాలి. జార్జ్‌టౌన్‌లో తమిళంలోనో ఇంగ్లీషులోనో చెప్పేవాళ్ళు బాగానే దొరుకుతారు, తెలుగులో చెప్పేవాళ్ళు అరుదు. ఆయన ఇంగ్లీషులో చెప్పడం, మీరు తెలుగులోకి మార్చడం అంటే ఎనిమిది నిమిషాల చోటు పదిహేను అవుతుంది. అప్పుడు ఏడు చోట్లు ఐదు చేయమనండి, హైకోర్టు గోడ, గుళ్ళు మాత్రం వదలొద్దు. మాట్లాడుకునేటప్పుడు ఇవి అడగండి: రేటు మనిషికా, గుంపుకా? ఒకసారికి ఎంతమందిని తీసుకెళ్తారు? ఇరవై దాటినా పర్లేదంటే ఆలోచించండి, మంచివాళ్ళు ఒప్పుకోరు. వాన పడితే ఏం చేస్తారు? మధ్యలో ఏదైనా కొట్టు దగ్గర ఆపుతారా? ఆపుతామంటే అక్కడ కమిషన్ ఉన్నట్టే. మన దారం, అంటే తెలుగువాళ్ళ ఆనవాళ్ళు, ముందే చెప్పి పెట్టండి. లేకపోతే ఆయనకి అలవాటైన కథలే చెప్పుకుంటూ పోతాడు, ప్రకాశం పంతులు పేరు కూడా రాకపోవచ్చు.

రెండో జట్టుకి చెప్పే ఇంకో మనిషి మీకు లేకపోతే? అప్పుడు 24 మందీ ఒకటే జట్టు, నడుముకి కట్టుకునే చిన్న స్పీకరు, ఐదే చోట్లు, వెనక మనుషులు ఇద్దరు. గుడి ముందూ చర్చి లోపలా స్పీకరు ఆపేయాలి. ఇది రెండో మెరుగు దారి. నేనైతే డిగ్రీ పిల్లల్లో చురుకైన ఇద్దరిని తయారుచేసి రెండో జట్టుని వాళ్ళకే అప్పగిస్తాను. చెరో మూడు నాలుగు చోట్లు, చోటుకి మూడు వందల మాటలు రాసుకుని కాగితం చూడకుండా చెప్పగలిగితే చాలు.

వాళ్ళ రిహార్సల్ నెల్లూరులోనే పెట్టుకోండి. ఒక ఆదివారం పొద్దున రంగనాయకులపేటలో రంగనాథస్వామి గుడి గాలిగోపురం దగ్గర మొదలుపెట్టి, పెన్న ఒడ్డు చూపించి, మూలాపేట వేణుగోపాలస్వామి గుడి దగ్గర ముగించండి. ఆ గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని శ్రీరాములు 1946లో నిరాహారదీక్షకి దిగారు. అణ్ణాపిళ్ళై వీధి కథకి ముందు భాగం అక్కడే దొరుకుతుంది. అంతకన్నా ముఖ్యం, ఒక్కో చోట నిజంగా ఎన్ని నిమిషాలు పడుతోందో వాచీ పెట్టి చూసుకోవచ్చు. పిల్లలు మొదటిసారి ఆరు నిమిషాలనుకున్నది పద్నాలుగు చేస్తారు. మధ్యలో ఉన్న వివరాలు కోసేయండి, మొదలూ చివరా ముట్టుకోకండి.

కొనుగోళ్ళ సంగతి కూడా ముందే తేల్చేయండి. పెళ్ళి కార్డులనీ, స్టీలు సామాననీ, షావుకారుపేట మిఠాయిలనీ ఎవరి జాబితా వాళ్ళకి ఉంటుంది. నడక మధ్యలో ఒక్కరు కొట్టెక్కినా జట్టు మొత్తం ఆగిపోతుంది. 10:30కి నడక అయిపోయిందని గట్టిగా చెప్పి, ఒంటిగంటకల్లా సెంట్రల్‌లో ఫలానా చోట కలవాలని చెప్పి వదిలేయండి. ఆదివారం చాలా కొట్లు మూసి ఉంటాయని కూడా ముందే చెప్పండి, తర్వాత మిమ్మల్ని అంటారు.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ గురించి చివర్లో అడిగారు. వాళ్ళని ఇంట్లో వదిలి రావక్కర్లేదు. మొదటి రెండు చోట్లూ వాళ్ళు అందరితో కలిసి చూడొచ్చు. అక్కడి నుంచి ఆటోలో టిఫిను హోటలుకి పంపి, టిఫిను తర్వాత అర్మేనియన్ చర్చిలో కలుపుకోండి. బ్రాడ్వే దాటాక మళ్ళీ ఆటోలో జంట గుళ్ళ దగ్గరికి. తోడుగా ఒక పిల్లాడిని పంపండి, ఆటో అతనికి చూపించడానికి ఆ మూడు చోట్ల పేర్లు తమిళంలో రాసిన చీటీ ఇచ్చి.